బంగారు కుటుంబానికి గేదె కొనిస్తే సరిపోతుందా? మార్గదర్శులుగా ఉన్నవాళ్ల సలహా కావాలి

వెలిగొండ (ప్రకాశం / బెంగళూరు)
ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన ఒక మెట్ట ఊరు. పదో తరగతి కలిసి చదివిన వాళ్లం కొందరం ఉద్యోగాల్లో కాస్త కుదురుకున్నాం. 2025 ఉగాదికి ప్రభుత్వం మొదలుపెట్టిన పీ4 (ఉన్నవాళ్లు మార్గదర్శులుగా పేద ఇళ్లకు చేయూతనిచ్చే పథకం) కింద మా ఊళ్లోనే ఆరు బంగారు కుటుంబాలను (ఆ పేద ఇళ్లకు పథకం పెట్టిన పేరు) దత్తత తీసుకున్నాం. అందరం వేసుకున్నది తొమ్మిది లక్షలు.

ఇంటికో గేదె కొనిచ్చి పాలకేంద్రానికి కలిపేద్దామని ఊళ్లో పెద్దల మాట. మావాళ్లలో ఒకడు డబ్బు నేరుగా ఖాతాల్లో వేసెయ్యమంటున్నాడు. ఇంకొకడు ఆటోలంటున్నాడు. ఇళ్ల సంగతి క్లుప్తంగా: భర్త పోయిన ఇద్దరు ఆడవాళ్లు, చిన్న పిల్లలున్నారు. ఇటుక బట్టీ అడ్వాన్సు తీసుకుని ఏటా వలస పోయే జంట ఒకటి. మతి స్థిమితం లేని కొడుకుతో ఉంటున్న ఒక ముసలామె. కౌలు చేసి అప్పులపాలైన కుటుంబాలు రెండు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. గేదెలతో సరిపోతుందా?

---

డల్లాస్ బావ
ఆదివారం రాత్రి 10:03

తలా లక్షన్నర ఖాతాలో వేసి పక్కకు తప్పుకోండి బ్రదర్. వాళ్లకేం కావాలో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. మధ్యలో మనం చేసేది పెత్తనం.

---

తిక్క ప్రశ్న
ఆదివారం రాత్రి 10:20

ఊరికే వచ్చింది ఊరికే పోతుంది. గొర్రెల పంపిణీ చూశాం కదా. లారీ దిగిన గొర్రెలు మళ్లీ లారీ ఎక్కాయి. ఆరు నెలల తర్వాత మీ గేదె ఏ సంతలో ఉందో వెతుక్కోవాలి.

---

సీసీ అక్క (విశ్రాంత ఉద్యోగి)
సోమవారం ఉదయం 6:40

తమ్ముడూ వెలిగొండా, నేను ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం వెలుగు రోజుల నుంచి, తర్వాత దాన్ని ఇందిరా క్రాంతి పథం అన్నన్నాళ్లూ, సీసీగా (మహిళా సంఘాలను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా) చేశాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందుగా ఆ ఆరు ఇళ్లనూ ఒక్క గాటన కట్టకు. ముసలామె ఇంటికి గేదె ఎందుకు? మేత ఎవరు తెస్తారు, పాలు ఎవరు పోసి వస్తారు? ఆ ఇంటికి కావలసింది జీవనోపాధి కాదు, హక్కుగా రావలసిన డబ్బు. ఆవిడకు వృద్ధాప్య పింఛను నాలుగు వేలు వస్తోందా కనుక్కో. కొడుక్కి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించేది) ఉందా? ఉంటే దివ్యాంగుల పింఛను ఆరు వేలు. ఇద్దరివీ కలిస్తే నెలకు పది వేలు. ఏ గేదె ఇస్తుంది అంత? ఉండదు సర్టిఫికెట్, నాకు తెలుసు. సదరం క్యాంపుకు స్లాటు తీసుకోవాలి, ఆ అబ్బాయిని ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టరు లేడంటే ఇంకోసారి వెళ్లాలి. ఆ తల్లి ఒక్కతే చేయగలిగిన పనైతే ఈపాటికి అయ్యేది. మీరు పెట్టాల్సింది ఆటో కిరాయి, తోడుగా ఒక మనిషి. అంతే.

రెండోది, బట్టీకి పోయే జంట. అడ్వాన్సు ఎంత, మేస్త్రీకి ఇంకా ఎంత బాకీ ఉందో తెలియకుండా ఏమీ కొనకండి. బాకీ ఉంచి గేదె ఇస్తే ఆ గేదె మేస్త్రీదే.

మూడోది, అసలైనది. డబ్బు, గేదె, ఆటో అన్నీ రాశావు. వారం వారం ఆ ఇళ్ల గడప ఎవరు తొక్కుతారో రాయలేదు. మీరంతా బెంగళూరులో ఉన్నారు. సెలవలకు వచ్చి ఫొటో దిగి పోతామంటే ఈ పని పెట్టుకోకండి.

---

లెక్కల మాస్టారు
సోమవారం ఉదయం 8:15

అక్క మూడో మాట మీద పెద్ద పెద్ద అధ్యయనాలే ఉన్నాయి.

ఈ పద్ధతికి పుట్టిల్లు బంగ్లాదేశ్. అప్పులిచ్చే కార్యక్రమాలు అట్టడుగు ఇళ్ల దాకా చేరడం లేదని గమనించి బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో దీన్ని మొదలుపెట్టింది. ఇంటి ఆడమనిషికి ఆవో మేకలో ఉచితంగా ఇస్తారు, అప్పుగా కాదు. దాని మీద రాబడి మొదలయ్యేదాకా తిండి ఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. పశుపోషణలో శిక్షణ, పొదుపు అలవాటు, వైద్య సాయం, దాదాపు రెండేళ్లపాటు ఇంటికి వచ్చే మనిషి. ఇవన్నీ కలిపి ఒకే మూట. ఇప్పటికి బంగ్లాదేశ్‌లోనే 20 లక్షల పైచిలుకు కుటుంబాలు ఇందులోంచి వచ్చాయి.

తర్వాత ఇథియోపియా, ఘనా, హోండురస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో ఇదే మూటను పరీక్షించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా తిండి, ఆస్తి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. తిక్క ప్రశ్న గారు గమనించాలి, పని గంటలు తగ్గలేదు, పెరిగాయి. హోండురస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు తెగులు తగిలి చచ్చిపోయి పెట్టిన డబ్బు తిరిగి రాలేదు.

ఆ ఆరింటిలో మన దేశపు ముక్క పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్. అక్కడ బంధన్ అనే సంస్థ నడిపింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, గరిమా శర్మ ఆ కుటుంబాలను పదేళ్ల తర్వాత కూడా వెళ్లి చూశారు. తేడా ఏడో ఏటిదాకా పెరుగుతూ పోయింది, పదో ఏట కూడా నిలిచే ఉంది. అంటే తిక్క ప్రశ్న గారి ఆరు నెలల సంత లెక్క అక్కడ చెల్లలేదు.

---

తిక్క ప్రశ్న
సోమవారం ఉదయం 9:02

మాస్టారూ, అది బెంగాల్. మన దగ్గర?

---

మెతుకు సీమ
సోమవారం మధ్యాహ్నం 1:30

మన దగ్గర సంగతి నేను జెప్త. మాది నారాయణఖేడ్ దిక్కు. పాత మెదక్ జిల్లాల చిన్న అప్పులిచ్చే ఎస్కేఎస్ కంపెనీ వాళ్ల స్వచ్ఛంద సంస్థ గిదే పద్ధతిల 2007 నుంచి నడిపింది. బర్లు, మేకలు ఇచ్చిన్రు, మనిషిని వెట్టి వారం వారం మీటింగులు, పొదుపు, ఆరోగ్యం అన్నీ జేసిన్రు. ప్రొఫెసర్లొచ్చి లెక్క దీసిన్రు, జొనాథన్ మోర్డక్, శమికా రవి, జొనాథన్ బొషే. ఏం తేలిందంటే, తీసుకున్నోళ్లకు, తీసుకోనోళ్లకు ఆఖరికి పెద్ద ఫరక్ లేదు.

ఎందుకంటరా? తీసుకున్నోళ్లు ఖరాబు గాలే. తీసుకోనోళ్లు సుత పైకొచ్చిన్రు. గా టైంల కూలి రేట్లు మస్తు వెరిగినయి, కూలికి పోతె చేతిల పైసలు. బర్రె ఉన్న ఆడామె కూలికి పోకుంట ఇంటికాడ ఉండె, పాల పైసలు వచ్చినయి గని కూలి పైసలు పాయె. దీంట్ల వచ్చింది దాంట్ల పోయినట్టె. చానమంది బర్రె అమ్మి మిత్తి బాకీలు గట్టుకున్నరు. అది తప్పంట నేననను. నూటికి మూడు రూపాయల మిత్తి ఉన్నోనికి బర్రె మీద గంత రాబడి ఎక్కడ వస్తది?

అందుకే వెలిగొండ అన్నా, మీ ఊర్ల ఆడకూలి ఎంత, ఏడాదికి ఎన్ని దినాలు దొరుకుతదో ముందు అడుగు. కూలి మంచిగ దొరికే ఊర్ల బర్రె ఇచ్చుడంటె ఉన్న పని ఇడిపిచ్చి ఇంకో పని వెట్టుడే.

---

డల్లాస్ బావ
సోమవారం సాయంత్రం 7:11

చూశారా, అందుకే డబ్బు ఇచ్చెయ్యమన్నది. బాకీ తీర్చుకుంటారో మేక కొంటారో వాళ్ల ఇష్టం.

---

లెక్కల మాస్టారు
సోమవారం రాత్రి 8:40

బావగారూ, మీ మాటలో సగం నిజం ఉంది. నగదు ఇస్తే జనం తగలేస్తారన్నది అపోహే. కానీ విడి ముక్కలను కూడా పరీక్షించారు. ఘనాలో కొన్ని ఇళ్లకు పూర్తి మూట, కొన్ని ఇళ్లకు మేకలు మాత్రమే, కొన్ని ఇళ్లకు పొదుపు సౌకర్యం మాత్రమే ఇచ్చి చూశారు. మేకలు మాత్రమే ఇచ్చిన ఇళ్లలో నిలిచే లాభం కనిపించలేదు. పూర్తి మూట అందుకున్న ఇళ్లే నిలదొక్కుకున్నాయి.

బంగ్లాదేశ్ సమాచారంతోనే ఇంకొక అధ్యయనం ఉంది. ఒకే రకం ఆవు ఇచ్చినా, మొదట్లో కాస్త ఆస్తి ఉన్నవాళ్లు పైకి పోయారు, మరీ ఏమీ లేనివాళ్లు మళ్లీ కిందికి జారారు. ఆవుతోపాటు ఒక చిన్న పాకో, పనిముట్టో, బండో ఉన్నవాడికీ ఏమీ లేనివాడికీ తేడా అక్కడ వచ్చింది. అందుకని చిన్న మొత్తాలు అందరికీ పంచడం కన్నా, ఆ గీత దాటేంత గట్టిగా కొందరికి ఇవ్వడం మేలని వాళ్ల తీర్పు. తొమ్మిది లక్షలకు ఆరు ఇళ్లు సరిగ్గా ఉన్నాయి, పన్నెండు చేయకండి.

---

పశువుల డాక్టరు
సోమవారం రాత్రి 10:25

గేదె గేదె అంటున్నారు, లెక్క ఎవరూ వేయలేదు. నేను వేస్తాను. ధరలు మీ దగ్గర అటూ ఇటూ ఉంటాయి.

పూటకు నాలుగు, రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే గ్రేడెడ్ ముర్రా జాతి గేదె ఇప్పుడు లక్షకు తక్కువ రాదు. డెయిరీవాళ్లు వెన్న శాతం చూసి కడతారు, సగటున లీటరుకు యాభై అనుకుందాం. రోజుకు నాలుగు వందలు. దాణా నాలుగు కిలోలు, నూట ఇరవై. మెట్ట ఊరు కాబట్టి పచ్చిగడ్డి లేదు, చొప్పో వరిగడ్డో కొనాలి, కనీసం అరవై డెబ్భై. మందులు, ఖనిజ లవణాలు, ఎదకు వచ్చినప్పుడు ఇంజెక్షన్. మిగిలేది రెండు వందలు. అదీ పాలిచ్చినన్నాళ్లే. ఎనిమిది లీటర్లు ఈనిన మొదటి నెలల మాట, తర్వాత తగ్గుతూ వస్తుంది. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు వట్టిపోతుంది, చూడి నిలవకపోతే ఇంకా ఎక్కువ. పాలు లేని గేదె కూడా మేత తింటుంది. అమ్మేసేది సరిగ్గా అప్పుడే. సోమరితనంతో అమ్మేవాళ్లను నేను తక్కువగా చూశాను, మేత కొనలేక అమ్మేవాళ్లనే ఎక్కువగా చూశాను.

కాబట్టి గేదెలే ఇస్తే ఒకటి ఇచ్చి ఆరేడు నెలలకు రెండోది ఇవ్వండి. ఒకటి వట్టిపోయేసరికి ఇంకొకటి పాల మీద ఉండాలి. ఒక్క గేదెకే డబ్బు ఉందంటే అసలు గేదె వద్దు, నాలుగైదు మేకలు నయం. మేకలకైతే నట్టల మందు, పారుడు రోగం టీకా తప్పనిసరి.

కొనేటప్పుడు: సంతలో నిండిన పొదుగు చూసి మురిసిపోవద్దు. రెండు పూటలు పిండకుండా ఆపి తెస్తారు. దగ్గర నిలబడి వరసగా మూడు పూటలు పిండించి కొలవండి, మొదటి పూట లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగు చన్నులూ వేళ్లతో నొక్కి చూడండి, గట్టిగా తగిలితే పొదుగువాపు వచ్చి పోయిన గుర్తు. దూరపు మార్కెట్ నుంచి లారీలో తెచ్చిన పశువు మీ ఎండకు, మీ మేతకు అలవాటు పడేలోపే పాలు సగానికి పడిపోతాయి. చుట్టుపక్కల మండలాల్లోనే వెతకండి.

---

వెలిగొండ
మంగళవారం ఉదయం 7:05

డాక్టరు గారూ, ఇది మాకెవరూ చెప్పలేదు. మెతుకు సీమ అన్నా, మా ఊళ్లో ఆడకూలి మిరప కోతలప్పుడు బాగానే ఉంటుంది. ఎండాకాలంలో ఉపాధి హామీ తప్ప ఏమీ ఉండదు.

అక్కా, వారం వారం వచ్చే మనిషిని ఎక్కడ పట్టాలి? జీతం ఎంత ఇవ్వాలి? మా వాళ్లు "జీతాలకు పోతే పేదలకు ఏం మిగులుతుంది" అంటున్నారు.

---

పాట్నా తెలుగు
మంగళవారం ఉదయం 11:48

నేను బీహార్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సతత్ జీవికోపార్జన్ యోజన దగ్గర నుంచి చూశాను కాబట్టి రెండు ముక్కలు. 2016లో అక్కడ మద్య నిషేధం పెట్టారు. సారా కాచి, కల్లు గీసి బతికే ఇళ్లకు ఉన్న ఆధారం పోయింది. వాళ్లను, మిగతా అట్టడుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని 2018లో అక్కడి ప్రభుత్వ జీవనోపాధుల సంస్థ జీవికా ద్వారా ఈ పథకం తెచ్చారు. లక్షకు పైగా ఇళ్లకు చేరింది. స్వచ్ఛంద సంస్థ ప్రయోగంగా కాక ఒక రాష్ట్ర ప్రభుత్వమే ఇంత పెద్ద ఎత్తున నడపడం చిన్న విషయం కాదు.

నాకు నచ్చినవి రెండు. మొదటి ఏడు నెలలు నెలకు వెయ్యి రూపాయల భృతి. చిన్న మొత్తమే, కానీ దుకాణం సరుకును ఇంట్లో వండుకు తినెయ్యకుండా కాపాడేది అదే. రెండోది, ఎంఆర్‌పీ (మాస్టర్ రిసోర్స్ పర్సన్) అని ఊరి దగ్గరి మనిషినే పెడతారు. చాలా ఇళ్లలో గేదె, మేక కన్నా చిన్న కిరాణా కొట్టు, గాజుల గంప, కూరగాయల బండి ఎక్కువ. ఎంఆర్‌పీ వచ్చి అమ్మకం, కొనుగోలు, ఇంట్లో వాడుకున్నది పుస్తకంలో రాస్తాడు. చదువు రాని ఆవిడైతే పక్కింటి పిల్ల రాస్తుంది. డబ్బు కూడా ఆవిడ చేతికి ఒకేసారి ఇవ్వరు, గ్రామ సంఘం ద్వారా సరుకుగా కొనిస్తారు, విడతలుగా.

ఇబ్బంది లేదా అంటే ఉంది. అందరికీ కిరాణా కొట్టే పెట్టిస్తే ఒకే టోలాలో (పేటలో) మూడు కొట్లు, కొనేవాళ్లు పదిమంది.

---

సీసీ అక్క
మంగళవారం మధ్యాహ్నం 2:20

జీతం మాట. తమ్ముడూ, మీ తొమ్మిది లక్షల్లో రెండు లక్షలు పక్కన పెట్టు, రెండేళ్లకు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇంటర్ చదివిన కోడలుపిల్ల ఎవరైనా ఉంటుంది, సంఘాల లెక్కలు రాసిన అమ్మాయైతే ఇంకా మంచిది. నెలకు ఆరేడు వేలు, ఫోను రీఛార్జి, బస్సు చార్జీ ఇవ్వు. ఆరు ఇళ్లు వారానికి ఒకసారి, అంతే పని. ఎవరి బంధువునూ పెట్టకు. వీఓఏకు (వీఓ అంటే గ్రామ సంఘం, దాని సహాయకురాలు) ఇప్పటికే తలకు మించిన పని ఉంది, ఉచితంగా చేయించుకోవాలని చూడకు.

పేదలకు ఏం మిగులుతుందని అడిగిన మీ స్నేహితుడికి చెప్పు. ఆ అమ్మాయి చేసే పని ఏంటో నేను చూశాను కాబట్టి రాస్తున్నాను. బియ్యం కార్డులో పేరు లేదు, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు, బ్యాంకు ఖాతా కేవైసీ లేక ఆగింది. వీటిలో ఒక్కోటీ గ్రామ సచివాలయం చుట్టూ తిరగడమే. ఆ తర్వాత ఇంట్లో మాట. మా మండలంలో ఒక ఇంట్లో ఆవిడ మేకల డబ్బు దాచుకుంటే మరిది అడుగుతాడు, ఇవ్వకపోతే గొడవ. సీసీలం వెళ్లి మరిదితో పోట్లాడలేదు. ఆ డబ్బు సంఘం పొదుపులో కట్టించేశాం, పాసుపుస్తకం వీఓ అధ్యక్షురాలి బీరువాలో పెట్టించాం. "అక్కా, అడిగితే నా దగ్గర లేదని చెప్పొచ్చు" అంది ఆవిడ. ఇలాంటివి ఫోనులో బెంగళూరు నుంచి కావు.

ఇంకొకటి. సంఘాల్లో ఈ ఆరుగురూ ఉన్నారా అడుగు. ఉండరు. పొదుపు కట్టలేదని ఎప్పుడో తీసేసి ఉంటారు, లేదా మొదట్లోనే చేర్చుకుని ఉండరు. లోను ఎగ్గొడితే గ్రూపు మొత్తానికి చెడ్డపేరని మిగతావాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. మొదటి ఏడాది పొదుపు కట్టడం వరకే చేర్చండి, లోను వద్దు.

---

మన్యం కాఫీ
మంగళవారం సాయంత్రం 5:55

పాడేరు వైపు నుంచి ఒక మాట. మా దగ్గర కాఫీ మొక్క నాటాక మూడు నాలుగేళ్లకు గాని కాపు రాదు. సిల్వర్ ఓక్ నీడ ఎదగాలి, దాని మీదికి మిరియం తీగ ఎక్కాలి. మధ్యలో ఆ ఇల్లు ఏం తినాలి? రెండేళ్ల లెక్క పశువులకు, కొట్లకు సరిపోవచ్చు. చెట్ల పంటలకు చాలదు. మీ ప్రకాశంలో బత్తాయి, నిమ్మ అని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

---

తిక్క ప్రశ్న
మంగళవారం రాత్రి 9:30

సరే, లెక్కలు ఒప్పుకుంటాను. కానీ ఈ ఆరు కుటుంబాలనే ఎందుకు? జాబితా ఎవరు తయారు చేశారు? నిజంగా అట్టడుగున ఉన్నవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఉన్నవాడికి నోరుంటుంది.

---

లెక్కల మాస్టారు
మంగళవారం రాత్రి 10:10

మొదటిసారి మంచి ప్రశ్న అడిగారు :) బ్రాక్, బంధన్ రెండూ జాబితాను ఆఫీసులో తయారు చేయలేదు. ఊరివాళ్లను ఒకచోట కూర్చోబెట్టి నేల మీద ఊరి పటం గీయించి, ఇల్లిల్లూ వరసపెట్టించి, అట్టడుగు వరసను మళ్లీ ఇంటింటికీ వెళ్లి సరిచూశారు. కేరళ వాళ్లు 2021 నుంచి వార్డు స్థాయిలో ఇలాగే వెతికి 64,006 కుటుంబాలు తేల్చారు, ఒక్కో ఇంటికి ఒక్కో ప్రణాళిక రాశారు. 2025 నవంబరు 1న తీవ్ర పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. ఆ ప్రకటన మీద, ఎంపిక లెక్కల మీద అక్కడి ఆర్థికవేత్తలే ప్రశ్నలు వేశారు. అయినా ఇంటికో ప్రణాళిక అన్నది తీసుకోదగ్గ పద్ధతి. కొందరికి మందులు, కొందరికి ఇల్లు, కొందరికి వండిన అన్నం, మిగిలినవాళ్లకే ఉపాధి.

---

సీసీ అక్క
మంగళవారం రాత్రి 10:34

ముగ్గుపిండితో మేమూ గీయించాం పటాలు, వెలుగులో. ఊరి మధ్యలో గీయిస్తే పెద్దోళ్ల ఇళ్లే ముందు పడేవి. అదే పటం పేటలోకి వెళ్లి, ఆడవాళ్లు పనుల నుంచి వచ్చాక గీయిస్తే "ఫలానా ఆవిణ్ణి మర్చిపోయారు" అని వాళ్లే చెప్పేవారు. వెలిగొండా, మీ ఆరుగురి పేర్లు ఒకసారి పేటలో చదివించు.

---

డల్లాస్ బావ
మంగళవారం రాత్రి 11:50

ఇంత చర్చ ఆరు ఇళ్లకా! మన ఎన్నారైలు గుడికి కోటి ఇచ్చేటప్పుడు ఇన్ని ప్రశ్నలు అడగరు.

---

నిర్వాహకుడు
బుధవారం ఉదయం 6:15

గుళ్లు, పార్టీల మీద ఈ కింద వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. విషయం మీద ఉండండి.

---

వెలిగొండ
శనివారం రాత్రి 8:20

ఊరికి వెళ్లొచ్చాను. పేటలో పేర్లు చదివించాం. కౌలు రైతుల్లో ఒకరికి అన్నదమ్ముడు గల్ఫ్ నుంచి డబ్బు పంపుతున్నాడట, ఆయనే ఒప్పుకుని తప్పుకున్నాడు. ఆ చోట్లోకి చెరువు కట్ట కింద గుడిసెలో ఉంటున్న ఒక ఒంటరి ఆవిడ పేరు ఆడవాళ్లంతా ఒక్క మాట మీద చెప్పారు. ఆవిడ జాబితాలోనే లేదు. సచివాలయంలో అడిగితే సర్వేలో ఇల్లు తాళం వేసి ఉందన్నారు. పేరు ఎక్కించడానికి అర్జీ పెట్టాం. ఎక్కినా ఎక్కకపోయినా మా డబ్బు నుంచి ఆవిడకు చేస్తాం.

ప్రస్తుతానికి అనుకున్నది: ముసలామెకు సదరం, పింఛను. బట్టీ జంటకు మేస్త్రీ బాకీ నలభై వేలు తీర్చి, ఈ సీజను ఊళ్లోనే ఉంచి, మేకలు. వితంతువుల్లో ఒకరికి డాక్టరు గారు చెప్పినట్టు విడతగా రెండు గేదెలు, ఆవిడ పుట్టింటి వాళ్లకు పాడి ఉంది, పని తెలుసు. ఇంకొకావిడ గేదె వద్దంది, టిఫిన్ బండి పెడతానంది, బడి దగ్గర. మిగిలిన కౌలు కుటుంబం ఇంకా తేల్చుకోలేదు, తొందరపెట్టలేదు. అందరికీ మొదటి ఆరు నెలలు కొంత భృతి. కట్ట కింద ఆవిడను ఏం కావాలని అడిగితే "ముందు తలుపు" అంది, తలుపు పెట్టిస్తున్నాం, మిగతాది తర్వాత. లెక్కలు రాసే అమ్మాయి దొరికింది.

ఒక సందేహం డాక్టరు గారికి: గేదెకు బీమా చేయిస్తే చెవికి ట్యాగు వేస్తారు కదా, అది ఊడిపోతే క్లెయిమ్ రాదని భయపెడుతున్నారు. నిజమేనా?

---

పశువుల డాక్టరు
శనివారం రాత్రి 9:47

నిజమే. ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదన్నట్టే. ఊడిన రోజే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, మళ్లీ కొత్త ట్యాగు వేయించి, ఆ నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. వాట్సాప్‌లో చెప్పాం అంటే చెల్లదు. పాలసీ చేసిన రోజే గేదెకు రెండు వైపుల నుంచి, ట్యాగు కనపడేలా, పక్కన ఆవిడ నిలబడి ఉండగా ఫొటోలు తీసి ఉంచండి. చనిపోతే పాతిపెట్టే ముందు పోస్ట్‌మార్టం చేయించాలి, ట్యాగు ఉన్న చెవి ఫొటో కావాలి. ఇవన్నీ మీ లెక్కల అమ్మాయి పుస్తకంలో మొదటి పేజీలో రాయించండి.

బండి పెట్టే ఆవిడకు గ్యాస్ సిలిండర్ కమర్షియలే తీసుకోమనండి. ఇంటి సిలిండర్ వాడితే తనిఖీలో బండి ఎత్తుకుపోతారు.